లెక్క తెగనప్పుడు లేచి నడవండి

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. పదో తరగతి, ఇంటర్మీడియట్ చదువుతున్న మీలో చాలామంది నాతో చెప్పుకొనే బాధ ఒక్కటే: "ఎంతసేపు కూర్చున్నా ఈ లెక్క రావడం లేదు తాతయ్యా, నా బుర్ర పనిచేయడం లేదు." నిజానికి అప్పుడు మీ బుర్ర పనిచేస్తూనే ఉంటుంది. కాకపోతే మొదట తోచిన దారినే పట్టుకొని, అది ఎటూ తేలకపోయినా వదలకుండా పనిచేస్తుంటుంది. ఆ పట్టు సడలడానికి కుర్చీలోంచి లేచి కదలడం ఎంతగా ఉపయోగపడుతుందో వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఒక చిన్న లెక్క చూడండి. మీ దగ్గర 21, 127, 3 లీటర్లు పట్టే మూడు పాత్రలున్నాయి. వాటితో సరిగ్గా 100 లీటర్లు కొలవాలి. పెద్ద పాత్ర నింపి, అందులోంచి 21 లీటర్ల పాత్రతో ఒకసారి, 3 లీటర్ల పాత్రతో రెండుసార్లు తీసేస్తే 100 మిగులుతుంది. ఇదే పద్ధతిలో తెగే లెక్కలు వరసగా నాలుగైదు చేయించి, ఆ తర్వాత 23, 49, 3 లీటర్ల పాత్రలతో 20 కొలవమంటే చాలామంది మళ్లీ ఆ చుట్టుదారినే వెళ్తారు. 23లోంచి 3 తీసేస్తే చాలునన్న సంగతి వారికి తట్టదు. ఇక 28, 76, 3 పాత్రలతో 25 కొలవమన్నప్పుడు పాత పద్ధతి అసలు పనికిరాదు. అయినా దానికి అలవాటుపడినవాళ్లలో ఎందరో, 28లోంచి 3 తీయడమనే చిన్న విషయం తోచక, ఆ లెక్క దగ్గరే ఆగిపోయారు. అబ్రహాం లూచిన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1942లో ప్రచురించిన ప్రయోగాలివి. ఇది తెలివితక్కువవాళ్లకు మాత్రమే వచ్చే చిక్కు అనుకోకండి. చదరంగంలో ఆరితేరినవారి కంటి కదలికలను గమనించిన ఒక పరిశోధన 2008లో వెలువడింది. ఇంతకన్నా మంచి ఎత్తు కోసం వెతుకుతున్నామని వారు చెబుతున్నప్పుడు కూడా, వారి చూపులు మొదట తట్టిన ఎత్తుకు సంబంధించిన గడుల మీదే తిరుగుతున్నాయట.

ఐర్లండ్ గణిత శాస్త్రవేత్త విలియం రోవన్ హామిల్టన్ ఇలాంటి పట్టులోనే ఏళ్ల తరబడి చిక్కుకున్నాడు. రెండేసి సంఖ్యల జంటలను, అంటే మీరు ఇంటర్‌లో చదివే సంకీర్ణ సంఖ్యలను, గుణించడం అప్పటికే తెలుసు. అదే విధంగా మూడేసి సంఖ్యలను గుణించే పద్ధతి కావాలని ఆయన పట్టుబట్టాడు. 1843 అక్టోబరు మొదట్లో రోజూ ఉదయం ఫలహారం వేళ కొడుకులు "నాన్నా, త్రికాలను (మూడేసి సంఖ్యలను) గుణించడం వచ్చిందా?" అని అడిగేవారనీ, "లేదు, కూడడం, తీసేయడం మాత్రమే వచ్చు" అని తాను తల అడ్డంగా ఊపేవాడిననీ, చాలా ఏళ్ల తర్వాత కొడుక్కి రాసిన ఉత్తరంలో ఆయనే చెప్పుకొన్నాడు. ఆ అక్టోబరు 16న రాయల్ ఐరిష్ అకాడమీ సమావేశానికి వెళ్తూ, భార్యతో కలిసి డబ్లిన్‌లోని రాయల్ కెనాల్ గట్టు మీద నడుస్తున్నాడు. ఆమె మధ్యమధ్య మాట్లాడుతూనే ఉంది; ఆయన మనసు అడుగున మాత్రం ఆ ఆలోచన సాగుతూనే ఉంది. బ్రూమ్ వంతెన దగ్గరికి వచ్చేసరికి జవాబు మెరిసింది: మూడు చాలవు, నాలుగు కావాలి. అంతేకాదు, గుణకారంలో సంఖ్యల వరస మార్చినా ఫలితం మారకూడదన్న నియమాన్ని కూడా వదులుకోవాలి. వెంటనే కత్తి తీసి ఆ సూత్రాన్ని వంతెన రాతి మీద చెక్కాడు. ఆ చెక్కడం చెరిగిపోయినా, ఇప్పుడు అక్కడ ఒక ఫలకం ఉంది. క్వాటర్నియన్లు అనే ఆ నాలుగేసి సంఖ్యలనే నేడు అంతరిక్ష నౌకలను తిప్పడానికీ, మీరు ఆడే కంప్యూటర్ ఆటల్లో బొమ్మలను తిప్పడానికీ వాడుతున్నారు. నడక ఆయనకు గణితం నేర్పలేదు. అంతకుముందు ఏళ్ల తరబడి పడిన శ్రమ వల్లనే ఆ నడకలో తట్టడానికి ఏదో ఒకటి సిద్ధంగా ఉంది. పుస్తకం తెరవకుండా పార్కు చుట్టూ తిరిగితే లెక్క రాదు. ఈ మాట మీలో కొందరికి ప్రత్యేకంగా చెబుతున్నాను!

నడక ఏ పనికి సాయపడుతుందో కూడా తెలుసుకోవాలి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మరిలీ ఒపెజో, డేనియల్ ష్వార్ట్జ్ 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. మామూలు వస్తువులకు కొత్త ఉపయోగాలు చెప్పమన్నప్పుడు, కూర్చున్నప్పటికన్నా ట్రెడ్‌మిల్ మీద నడిచినప్పుడు 81 శాతం మంది మెరుగయ్యారు. ఎదురుగా ఉన్నది ఖాళీ గోడే అయినా ఫలితం అదే. ఒకే ఒక్క సరైన జవాబుండే పదాల చిక్కుముడిలో మాత్రం మెరుగైనవారు 23 శాతమే. అందువల్ల కొత్త దారి వెతకడానికి నడవండి; కూడికలు, తీసివేతలు కుదురుగా కూర్చొని చేయండి.

కాబట్టి ఒక లెక్క మీద అరగంట గట్టిగా శ్రమించినా తెగకపోతే, ఎక్కడ ఆగిందో ఒక్క వాక్యంలో రాసుకొని లేవండి. పది పదిహేను నిమిషాలు మేడ మీదో, వీధిలోనో, హాస్టల్ వరండాలోనో నడవండి. నడవడం కుదరకపోతే మొక్కలకు నీళ్లు పోయండి, బట్టలు ఆరేయండి, చేతులు భుజాలు బాగా ఆడించండి. ఫోన్ మాత్రం వెంట తీసుకెళ్లవద్దు. అందులోని దృశ్యాలు మనసును ఖాళీగా ఉండనివ్వవు. ఫోన్ చేతిలో ఉంటే, హామిల్టన్‌కు గట్టు మీద దొరికిన ఆ తీరిక మీకు దొరకదు. రెసిడెన్షియల్ కళాశాలల్లో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్ల పేరుతో పిల్లలను కదలనివ్వకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. మీరు అలాంటి చోట ఉంటే, గంటకొకసారి ఐదు నిమిషాలు లేచి తిరగనివ్వమని వార్డెన్ గారిని మర్యాదగా, కలిసికట్టుగా అడగండి.

తిరిగి వచ్చాక పాత కాగితం పక్కన పెట్టి, తెల్ల కాగితం మీద మొదటి నుంచి మొదలుపెట్టండి. పాతది ఎదురుగా ఉంటే చూపు మళ్లీ అక్కడికే పోతుంది. పరీక్ష హాలులో లేచి తిరగడం కుదరదు గనుక అక్కడ ఆ ప్రశ్నకు చోటు వదిలి తర్వాతి దానికి వెళ్లండి. మధ్యలో ఒకసారి కలం కింద పెట్టి, వేళ్లు విదిలించి, నాలుగు గుక్కల మంచినీళ్లు తాగి, ఆ తర్వాతే వదిలిన ప్రశ్న దగ్గరికి రండి.

ఇట్లు,
మీ తాతయ్య