చెన్నైలో పెద్ద బిల్డింగ్‌కి ప్లాన్ అప్రూవల్: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో నాలుగు అపార్ట్‌మెంట్లు కట్టినవాళ్లు చెన్నై ఓఎంఆర్ (ఓల్డ్ మహాబలిపురం రోడ్) మీద స్థలం చూడగానే ముందు జేడీ రేషియో (భూమి యజమానికి, బిల్డర్‌కి వాటాల లెక్క) మాట్లాడుకుంటారు. ఆ తర్వాత ఆర్కిటెక్ట్‌ని వెతుకుతారు. ప్లాన్ అనుమతి ఇచ్చే సీఎండీఏ (చెన్నై మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ అథారిటీ) సంగతి ఆఖరున గుర్తొస్తుంది. తిరకాసంతా ఆ వరుసలోనే ఉంది. ఎన్ని చదరపు అడుగులు చేతికొస్తాయో తేల్చేవి నాలుగు కొలతలు: స్థలం విస్తీర్ణం, రోడ్డు వెడల్పు, సముద్ర మట్టం నుంచి ఎత్తు, బేస్‌మెంట్లతో కలిపి మొత్తం నిర్మాణం. టోకెన్ అడ్వాన్స్ ఇవ్వకముందే ఈ నాలుగూ తేలాలి.

అపోహ: "సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ ఖాళీ) వదిలితే చాలు, ఎంత ఎత్తైనా లేపొచ్చు."

ఇది హైదరాబాద్ అలవాటు. అక్కడ 2006 నాటి జీవో 86తో ఎఫ్ఎస్ఐ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చనే లెక్క) పరిమితి ఎత్తేశారు. చెన్నైలో ఆ మాట చెల్లదు. ఇక్కడ నడిచేది 2019 నాటి తమిళనాడు ఉమ్మడి అభివృద్ధి, భవన నిబంధనలు. 18.30 మీటర్ల ఎత్తు వరకు మామూలు భవనం, ఎఫ్ఎస్ఐ 2. అది దాటితే హైరైజ్, గరిష్ఠంగా 3.25. దీనిపైన ప్రీమియం ఎఫ్ఎస్ఐ కొనుక్కోవచ్చు కానీ అదీ రోడ్డును బట్టే: 9 నుంచి 12 మీటర్ల రోడ్డయితే 30 శాతం, 12 నుంచి 18 అయితే 40, 18, ఆపైన అయితే 50. దాని ఛార్జీని గైడ్‌లైన్ వాల్యూ (ప్రభుత్వం కట్టిన భూమి విలువ) మీద లెక్కగడతారు కాబట్టి భూమి ఖరీదైన చోట ఈ పద్దు గట్టిగానే తగులుతుంది.

అలాగని సెట్‌బ్యాక్ తక్కువేం కాదు. హైరైజ్‌కి 30 మీటర్ల ఎత్తు వరకు చుట్టూ 7 మీటర్లు వదలాలి. ఆపైన ప్రతి 6 మీటర్లకో, అందులో భాగానికో ఒక్కో మీటరు పెరుగుతుంది. 45 మీటర్ల భవనానికి 10 మీటర్లు. 60 మీటర్ల వెడల్పున్న స్థలంలో రెండు పక్కలా అంత వదిలాక మిగిలేది 40. సన్నగా, పొడుగ్గా ఉండే స్థలాల్లో ఎఫ్ఎస్ఐ చేతిలో ఉన్నా వాడుకునే చోటుండదు.

అపోహ: "మా స్థలం ముందు రోడ్డు 60 అడుగులుంది, ఇంకేం కావాలి?"

ముందున్న వెడల్పు ఒక్కటే చూడరు. ఆ వెడల్పు కనీసం 500 మీటర్ల పొడవునా ఉండాలి. రోడ్డు వంపులు తిరిగినా ఫరవాలేదు గానీ మధ్యలో సన్నబడకూడదు. గేటు ముందు టేపు పట్టి 18 మీటర్లు వచ్చిందని సంబరపడతారు. రెండు వందల మీటర్లు నడిస్తే ఓ పాత ఇంటి ప్రహరీ ముందుకొచ్చి రోడ్డు 14కి దిగి ఉంటుంది. హైరైజ్‌కి పూర్తి 3.25 రావాలంటే 18 మీటర్లు కావాలి కాబట్టి, ఆ ఒక్క ప్రహరీ మొత్తం లెక్క మార్చేస్తుంది. మాస్టర్ ప్లాన్‌లో రోడ్డు వెడల్పవుతుందని గీసి ఉంది కదా అంటే, గీత వేరు, నేల మీది రోడ్డు వేరు. సర్వేయర్‌ని పెట్టి 20 మీటర్లకోసారి వెడల్పు కొలిపించండి. కరెంటు స్తంభాల మధ్య దూరం కాదు, హద్దు నుంచి హద్దుకు.

అపోహ: "దస్తావేజులో ఎంతుంటే అంతే స్థలం."

దస్తావేజు, పట్టా, నేల మీది కొలత మూడూ తేడాగా ఉంటే తక్కువదే లెక్కకొస్తుంది. పైగా ఇక్కడ మాట్లాడేది గజాల్లో కాదు, గ్రౌండ్లలో. ఒక గ్రౌండ్ 2,400 చదరపు అడుగులు, అంటే దాదాపు 267 గజాలు. సీఎండీఏకి మాత్రం అన్నీ చదరపు మీటర్లలో కావాలి. మూడు కొలమానాల మధ్య మారుస్తూ అంకెలు సరిచేసుకుంటూ పోతే ఎక్కడో ఓచోట దశాంశం జారుతుంది. ఎఫ్ఎంబీ (సర్వే నంబర్ హద్దుల కొలతల పుస్తకం) స్కెచ్, పట్టణ సర్వే అయితే టీఎస్ఎల్ఆర్ (పట్టణ సర్వే భూమి రిజిస్టర్) తెప్పించి, స్థలం కొలతలు గోడ గోడకీ పోల్చాకే డ్రాయింగ్ మొదలుపెట్టాలి.

విస్తీర్ణంతో పాటే ఓఎస్ఆర్ (పార్కులాంటి ఖాళీ స్థలం కోసం వదలాల్సిన భాగం) కూడా తగులుకుంటుంది. 3,000 చదరపు మీటర్ల వరకు లేదు. 3,000 నుంచి 10,000 మధ్యనయితే స్థలం వదిలే బదులు గైడ్‌లైన్ వాల్యూ ప్రకారం డబ్బు కట్టే వీలుంది. 10,000 దాటితే ఆ వెసులుబాటు పోతుంది. రోడ్లు పోను 10 శాతం భూమిని స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. 12,000 చదరపు మీటర్లకు 1,200. ఎకరాల్లో చెప్పాలంటే రెండున్నర ఎకరాల దగ్గర ఈ గీత ఉంది. వెనక మూలనున్న పనికిరాని ముక్క చూపిస్తామంటే కుదరదు. కనీసం 10 మీటర్ల వెడల్పుండాలి, విడి స్థలంలా దారి ఉండాలి, సెట్‌బ్యాక్‌లో కలపకూడదు. పక్క సర్వే నంబర్ కలిపి 9,800ని 10,300 చేసుకునే ముందు ఒకసారి ఆగి లెక్కేసుకోండి.

అపోహ: "ఎయిర్‌పోర్ట్ 60 మీటర్లు ఇచ్చింది, 20 అంతస్తులు వేసుకోవచ్చు."

అన్నిటికన్నా ఎక్కువ నష్టపెట్టేది ఇదే. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ తన ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం)లో ఇచ్చే ఎత్తు సగటు సముద్ర మట్టం నుంచి, మీ నేల నుంచి కాదు. ఉదాహరణకు అనుమతించిన పై మట్టం 60, మీ నేల మట్టం 6 అనుకుందాం. చేతిలో ఉన్నది 54. వరద ముంపు చూసి జలవనరుల శాఖ స్థలాన్ని మీటరున్నర లేపమంది. 52.5. లిఫ్ట్ మెషిన్ రూము, ఓవర్‌హెడ్ ట్యాంకు, పిడుగు కడ్డీ, యాంటెన్నా ఏదీ ఆ మట్టం దాటకూడదు. వాటికి 5 మీటర్లు తీస్తే 47.5. అంతస్తుకు 3 మీటర్ల చొప్పున 15. స్టిల్ట్ (కింది పార్కింగ్ అంతస్తు) పోతే ఇళ్లు వచ్చేది 14 అంతస్తుల్లోనే. బ్రోషర్‌లో 20 అని వేసినవాళ్లు ఆ ఆరంతస్తులకు ఎవరికి సమాధానం చెప్పుకోవాలి? టవర్ క్రేన్ ఎత్తు కూడా ముందే చూసుకోవాలి.

అందుకే జలవనరుల శాఖ చెప్పే మట్టం తేలేవరకు అంతస్తుల సంఖ్య ఖాయం చేయకండి. చెన్నై దక్షిణాన పల్లికరణై, పెరుంబాక్కం వైపు స్థలమైతే ఇంకో జాగ్రత్త. పల్లికరణై చిత్తడి నేల 2022లో రామ్‌సర్ (అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల) జాబితాకెక్కింది. 2025లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్ దాని హద్దు నుంచి కిలోమీటరు లోపల అధ్యయనం తేలేదాకా కొత్త అనుమతులు ఆపమంది. కొనే రోజున ఆ ఆదేశం ఏ స్థితిలో ఉందో వకీలుతో చూపించుకోవాలి.

అపోహ: "ఎఫ్ఎస్ఐ ఏరియా 20,000 దాటలేదు, ఈసీ అక్కర్లేదు."

ముందు మాటల గందరగోళం: రిజిస్ట్రేషన్ ఆఫీసులో తీసే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) వేరు, ఇది పర్యావరణ అనుమతి. ఆఫీసులో ఒకరు ఒకటి అనుకుని ఇంకొకరు ఇంకోటి తెచ్చిపెట్టడం మామూలే. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద 20,000 చదరపు మీటర్లు తాకితే పర్యావరణ అనుమతి కావాలి. ఆ లెక్కలో ఎఫ్ఎస్ఐ మినహాయింపులు చెల్లవు. బేస్‌మెంట్లు, సర్వీస్ ఏరియాలు, కప్పు పడిన ప్రతి అంతస్తూ కలుస్తాయి. ఎఫ్ఎస్ఐ ఏరియా 15,000, పార్కింగ్ బేస్‌మెంట్లు 6,000 అయితే మీరు గీత దాటినట్టే. అనుమతి రాకముందు కంచె, వాచ్‌మన్ షెడ్డు తప్ప గొయ్యి తవ్వడానికి కూడా లేదు. ఒకే స్థలాన్ని రెండు ఫేజ్‌లుగా, రెండు పేర్లతో చూపిస్తే కలిపి చూస్తారు.

అపోహ: "సింగిల్ విండో కదా, ఎన్‌ఓసీలన్నీ అవే వస్తాయి."

విండో ఒకటే, దాని వెనక బల్లలు చాలా. ఫైర్, ట్రాఫిక్ పోలీస్, జలవనరులు, మెట్రో పక్కనైతే సీఎంఆర్‌ఎల్ (చెన్నై మెట్రో సంస్థ) ఎవరి పేపర్లు వారికి కావాలి. ఎయిర్‌పోర్ట్‌కి నోకాస్, పర్యావరణ అనుమతికి పరివేష్ పోర్టళ్లు వేరే. అన్నిచోట్లా డ్రాయింగ్ ఒకే రివిజన్ నంబర్‌తో ఉండాలి. ఫైర్‌కి ఇచ్చిన ప్లాన్‌లో మెట్లు రెండు, సీఎండీఏ ప్లాన్‌లో మూడు ఉంటే ఫైలు మళ్లీ మొదటికి.

అపోహ: "ప్లానింగ్ పర్మిట్ వచ్చింది, శంకుస్థాపన చేసేద్దాం."

సీఎండీఏ ఇచ్చేది 1971 నాటి తమిళనాడు పట్టణ, గ్రామీణ ప్రణాళిక చట్టం కింద ప్లానింగ్ పర్మిషన్. కార్పొరేషనో మున్సిపాలిటీయో ఇచ్చే బిల్డింగ్ పర్మిట్ వేరు, అదీ చేతికి రావాలి. టైటిల్‌కి కూడా పర్మిట్ హామీ కాదు. వారసుల దావా ఉంటే అది అలాగే ఉంటుంది. ఇక ప్రీలాంచ్: స్థలం 500 చదరపు మీటర్లో, ఫ్లాట్లు 8యో దాటితే తమిళనాడు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ రాకుండా ప్రకటన ఇవ్వకూడదు, అడ్వాన్స్ తీసుకోకూడదు. జరిమానా ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం వరకు.

అపోహ: "స్ట్రక్చరల్ ఇంజనీర్ సంతకం ఫార్మాలిటీ."

2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో 11 అంతస్తుల భవనం కూలి 61 మంది పోయారు. చాలామంది శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చిన కూలీలు. నేల పరీక్ష నివేదిక, పునాది డిజైను, సైటులో పోసిన పైలు ఒకదానికొకటి సరిపోవాలి. బోరు పాయింట్లు భవనం పడే చోటే వేయాలి, ఖాళీ మూలన కాదు.

అపోహ: "చిన్న తేడాలు కంప్లీషన్ సర్టిఫికెట్ నాడు చూసుకుందాం."

ఆ నాటికి సర్దే దారులు మిగలవు. తనిఖీకి వచ్చినవాళ్లు ముందు కొలిచేది సెట్‌బ్యాకే. సెక్యూరిటీ కేబిన్, జనరేటర్ దిమ్మె, ట్రాన్స్‌ఫార్మర్ యార్డు ఫైర్ ఇంజన్ తిరిగే దారిలోకి వచ్చి ఉంటాయి. సర్టిఫికెట్ లేకపోతే కరెంటు, నీటి కనెక్షన్లు రావు. సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 17 తీర్పు ఈ విషయాన్నే దేశమంతటికీ గట్టిగా చెప్పింది. కట్టిన సెక్యూరిటీ డిపాజిట్ తిరిగి రావాలన్నా అదే కావాలి. అంతస్తు పెంచాలన్నా, బ్లాకు జరపాలన్నా పని ఆపి రివైజ్డ్ ప్లాన్ పెట్టుకోండి. ఎత్తు మారితే ఎయిర్‌పోర్ట్, ఫైర్ ఎన్‌ఓసీలు కూడా దాంతోపాటే మారతాయి.