అటక మీది డబ్బా, ల్యాప్‌టాప్‌లో వేషం

చిరంజీవులు బన్నూకి, అమ్ములుకి పెదనాన్న ఆశీస్సులు.

సంక్రాంతి సెలవులు అయిపోయి మీరు హైదరాబాదు వెళ్లి పది రోజులైంది. అరిసెల డబ్బా కోసం అటకెక్కి మీరు దించిన వీడియో గేమ్ ఇంకా నడవాలోనే ఉంది. మొదటి రోజు సాయంత్రం అది బాగానే ఆడింది. బాతులు ఎగిరాయి, కుక్క నవ్వింది, కానీ అమ్ములు టీవీకి తుపాకీ ఆనించి కాల్చినా ఒక్క బాతూ పడలేదు. రెండో రోజు అడాప్టర్‌లోంచి కాలిన వాసన వచ్చింది. అప్పటినుంచి మీ పెద్దమ్మ దాని దగ్గరకి ఎవరినీ పోనివ్వడం లేదు. మీ నాన్న అక్కడ ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాం పెట్టి అవే ఆటలు ఆడిస్తున్నాడట కదా. బన్నూ మొన్న ఫోన్‌లో అడిగిన మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. "డబ్బా మీ ఇంట్లోనే ఉంది కదా పెదనాన్నా, మరి ఇక్కడ ఆట ఎలా ఆడుతోంది? ల్యాప్‌టాప్ లోపల డబ్బా ఎక్కడుంది?" అమ్ములుకి మాత్రం ఒక్కటే కావాలి. బాతులు ఎందుకు చావలేదు?

ముందు బన్నూ సంగతి చూద్దాం.

మా చిన్నప్పుడు ఊళ్లోకి పగటివేషగాళ్లు వచ్చేవాళ్లు. ఒక ఏడాది వాళ్లలో ఒకాయన రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ వేషం కట్టాడు. చంకలో ఫైలు, ముక్కు మీదికి జారిన కళ్లజోడు. తిన్నగా మా అరుగు మీదికొచ్చి, "ఏమండీ, నీటి తీరువా బాకీ ఉంది, రసీదులు తెండి" అన్నాడు. మా తాతయ్య కంగారుగా లేచి కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించి, కోతలయ్యేదాకా గడువు అడిగాడు. తాతయ్య అడిగిన ప్రతిదానికీ ఆయన అచ్చం ఇన్‌స్పెక్టర్ చెప్పినట్టే జవాబు చెప్పాడు. లోపల ఎవరున్నారో తాతయ్యకు అక్కర్లేదు. జవాబు సరిగ్గా వస్తే చాలు, ఎదురుగా ఉన్నది ఇన్‌స్పెక్టరే. మూడో రోజు అదే మనిషి హార్మోనియంతో వచ్చి సంభావన అడిగితే, మా నాయనమ్మ నవ్వు ఆపుకోలేక లోపలికెళ్లిపోయింది.

ఎమ్యులేటర్ చేసేది కూడా ఇదే. ఆట ఏమో మా తాతయ్య. "ఎగిరే బటన్ నొక్కారా?" అని సెకనుకు 60 సార్లు అడుగుతుంది. "ఫలానా చోట మేఘం గియ్యి" అంటుంది. "ఈ అంకె ఫలానా అరలో దాచు" అంటుంది. ఎమ్యులేటర్ అన్నిటికీ డబ్బా గొంతుతో జవాబు చెబుతుంది. ఆట నమ్మేస్తుంది. అంతే బన్నూ, లోపల డబ్బా లేదు, డబ్బా వేషం ఉంది.

ఆ అసలు డబ్బా ఎంత బీదదో తెలుసా? 1983లో జపాన్‌లో నింటెండో కంపెనీ ఫామికామ్ అని అమ్మింది దాన్ని. ఉయెమురా మసయుకి అనే ఇంజినీరు ఆధ్వర్యంలో తయారైంది. అందులో లెక్కలు చేసే చిప్ సెకనుకు దాదాపు 18 లక్షల సార్లు టిక్కుమంటుంది. ఎక్కువ అనుకోకండి, మీ ల్యాప్‌టాప్ టిక్కులు కోట్లలో, వందల కోట్లలో ఉంటాయి. ఇక ఆట నడుస్తుండగా గుర్తు పెట్టుకోడానికి డబ్బాకున్న జాగా రెండే రెండు కిలోబైట్లు. కంప్యూటర్‌లో తెలుగు ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడుతుంది కాబట్టి, నేను పైన రాసిన రెండు పేరాలు పెడితే దాని పొట్ట నిండిపోతుంది. 1985లో వచ్చిన మారియో ఆట మొత్తం, పాటలతో బొమ్మలతో కలిపి 40 కిలోబైట్లే. మీ నాన్న ఫోన్‌లో తీసే ఒక్క ఫొటోలో అలాంటివి డజన్ల కొద్దీ పడతాయి. అంత ఇరుకులో ఎలా సర్దారంటారా? ఈసారి ఆడేటప్పుడు పైన మేఘాన్నీ, కింద పొదనూ పక్కపక్కన పోల్చి చూడండి. ఇంకేం చెప్పను.

ఇంత చిన్న డబ్బా వేషం వేయడం ఆ పెద్ద ల్యాప్‌టాప్‌కి సులువే అనుకుంటారు. అక్కడే ఉంది కష్టమంతా. ఇన్‌స్పెక్టర్ వేషం కట్టినాయనకు నిజానికి పాతికేళ్లే. చెట్టెక్కమంటే కోతిలా ఎక్కేవాడు. కానీ అరవై ఏళ్ల మనిషిగా మా అరుగు మెట్లెక్కేటప్పుడు మోకాలు పట్టుకుని, ఒక్కో మెట్టు దగ్గర ఆగి, దగ్గి మరీ ఎక్కాడు. ఎమ్యులేటరూ అలాగే కావాలని నెమ్మదించాలి. తన పని చిటికెలో ముగించుకుని, మిగతా సమయం కాళ్లు ముడుచుకుని కూర్చోవాలి. లేకపోతే మారియో కంటికి కనబడకుండా పరిగెత్తి గోతిలో పడతాడు. దగ్గు కూడా దగ్గాలి. అసలు డబ్బా ఒకే వరసలో ఎనిమిది కదిలే బొమ్మల ముక్కలకు మించి చూపలేదు, తొమ్మిదోది మాయమైపోతుంది. అందుకే శత్రువులు గుంపుగా వచ్చినప్పుడు బొమ్మలు మిణుకుమిణుకుమనేవి. టీవీ పాడైందని మా నాన్న దాని నెత్తిన ఒక్కటిచ్చేవాడు, పాపం దాని తప్పేమీ లేదు. మంచి ఎమ్యులేటర్ ఆ మిణుకును కూడా పట్టుకుంటుంది. ఎందుకంటే కొన్ని ఆటలు ఆ లోపాన్నే అడ్డం పెట్టుకుని బొమ్మలు దాచేవి. లోపాన్ని బాగుచేస్తే దాచినవి బయటపడి ఆట పాడవుతుంది.

డబ్బాలో లెక్కల చిప్ వేరు, బొమ్మల చిప్ వేరు. మొదటిది ఒక అడుగు వేసేలోపు రెండోది మూడు చుక్కలు గీస్తుంది. ఎమ్యులేటర్ ఒక్కటే అయినా కాసేపు ఇదీ, కాసేపు అదీ అవుతూ ఇద్దరి తాళమూ తప్పకుండా చూసుకోవాలి. ఒకే మనిషి ఇన్‌స్పెక్టరూ, బంట్రోతూ రెండు వేషాలూ వేసి, తనతో తానే పోట్లాడినట్టు. పోలిక మరీ సాగదీస్తున్నానా? మీ పెద్దమ్మ చదివి అదే అంది.

మేం మొదట ఈ ఆట చూసింది తెనాలిలో ఒక సందులో. అరగంటకు ఐదు రూపాయలు. ఏడో తరగతి పబ్లిక్ పరీక్షల్లో నాకు మంచి మార్కులొస్తే మా నాన్న డబ్బా కొనిపెట్టాడు. మొదటి రిమోట్ నాది, రెండోది మీ నాన్నది. తమ్ముడు కాబట్టి వాడెప్పుడూ ఆకుపచ్చ చొక్కా వాడే, అంటే మారియో తమ్ముడు లూయిజీ. ఆట ఎక్కకపోతే క్యాసెట్ తీసి ఉఫ్ అని ఊదేవాళ్లం. అదొక మంత్రం మాకు. పని చేసింది ఊదడం కాదు, తీసి మళ్లీ గట్టిగా పెట్టడమని చాలా ఏళ్లకు తెలిసింది. పైగా నోటి తడికి లోపలి రాగి పట్టీలు పాడవుతాయి.

మొన్న మీ నాన్న వీడియో కాల్‌లో మారియో వినిపిస్తే నాకేదో తేడాగా తోచింది. పాట తొందరపడుతోంది. చెవులు ముసలివయ్యాయనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 బొమ్మలు చూపేవి, మన టీవీలు 50. మన దగ్గరికొచ్చిన డబ్బాలు చాలావరకు అసలువి కావు, మన టీవీలకు సరిపోయేలా చేసిన నకళ్లు. వాటిలో పాటా పరుగూ రెండూ ఆరో వంతు నెమ్మది. అంటే ఇన్నేళ్లూ నేను నా చెవిలో దాచుకున్నది నెమ్మది మారియో! రష్యాలో అలాంటి నకలును డెండీ అనేవాళ్లు, కొన్ని ఎమ్యులేటర్లలో ఆ పేరుతోనే ఒక మీట ఉంటుంది. అది నొక్కి చూడమని మీ నాన్నకు చెప్పాను. పాట మొదలుకాగానే ఇద్దరం మాట్లాడుకోలేదు. నకలుకు వేసిన వేషం అది, అయినా మా ఇంటి ముందుగది అందులో ఉంది.

నకలు అన్నాను కాబట్టి ఒక్కమాట. వేషం కట్టడం తప్పు కాదు. 2000లో అమెరికా కోర్టు ఒకటి, సోనీ వేసిన కేసులో, ఎమ్యులేటర్ తయారుచేసినవాళ్ల పక్షానే చెప్పింది. 2016లో నింటెండో కూడా 30 పాత ఆటలతో ఒక బుల్లి డబ్బా అమ్మింది, దాని లోపల ఉన్నదీ ఎమ్యులేటరే. కానీ ఎవరో రాసిన ఆటను అడగకుండా దించుకోవడం వేరే సంగతి. మా క్యాసెట్ మీద 9999 ఆటలని ఉండేది, లెక్కపెడితే పదో పన్నెండో, అవీ దొంగవే. మాకు తెలియదు. మీకు తెలుసు. కంపెనీలు పాత ఆటలు ఇప్పటికీ అమ్ముతున్నాయి, ఆ డబ్బా కోసం ఇప్పుడు కూడా కొత్త ఆటలు రాసి ఉచితంగా ఇచ్చేవాళ్లున్నారు. వాటితో మొదలుపెట్టండి.

అమ్ములూ, ఇక నీ బాతులు. ఆ తుపాకీలోంచి ఏమీ బయటికి రాదు. నేనూ చాలా ఏళ్లు ఏదో కిరణం వస్తుందనుకున్నాను. అది తుపాకీ కాదు, కన్ను. నొక్కగానే తెర క్షణంపాటు మొత్తం నల్లబడుతుంది. మరుక్షణం బాతు ఉన్నచోట మాత్రం తెల్ల చతురస్రం వెలుగుతుంది. నలుపు తర్వాత తెలుపు కంటబడితే గురి తగిలినట్టు. మా అన్నయ్య తెలివిగా ట్యూబ్‌లైటుకు గురిపెట్టి కాల్చేవాడు, పడేది కాదు. ముందు నలుపు చూడాలి కదా, ట్యూబ్‌లైటు ఎక్కడ నల్లబడుతుంది? పాత బొజ్జ టీవీలో ఆ తెలుపు సరిగ్గా ఆ క్షణానికే వెలిగేది. కొత్త టీవీ బొమ్మను అందుకుని, సవరించుకుని, తీరిగ్గా చూపిస్తుంది. వెలుగు వచ్చేసరికి కన్ను మూసుకుపోయి ఉంటుంది. నీ గురిలో తప్పేం లేదమ్మా.

ఆ నలుపును మేమెప్పుడూ సరిగ్గా చూడలేదు, రెప్పపాటులో పోయేది. మీరు చూడొచ్చు. ఎమ్యులేటర్‌లో తుపాకీ పని మౌస్ చేస్తుంది. ఆటను ఆపి ఒక్కో బొమ్మ చొప్పున ముందుకు జరిపే మీట కూడా కొన్నిటిలో ఉంటుంది, నాన్నను అడగండి. బాతు మీద క్లిక్ చేసి మెల్లగా జరపండి. తర్వాత రెండు బాతులు ఒకేసారి ఎగిరే ఆట పెట్టండి. కన్ను ఒక్కటే, బాతులు రెండు. ఏది తగిలిందో దానికెలా తెలుస్తుంది? నేను చెప్పను. చూసి నాకు ఉత్తరం రాయండి, ఫోన్‌లో వద్దు.

అడాప్టర్ బాగుచేయించడానికి రేపు తెనాలి వెళ్తున్నాను. మీ పెద్దమ్మకు చెప్పకండి. వేసవికి వచ్చేటప్పుడు, ఎవరైనా పాత బొజ్జ టీవీ పారేస్తుంటే పట్టుకు రమ్మని మీ నాన్నకు చెప్పండి. రెండో రిమోట్ వాడికోసం అలాగే ఉంచాను.

మీ పెదనాన్న