చీటీ లేని మందార

చిన్నూ, బుజ్జీ,

నోటుబుక్కులో నొక్కిపెట్టిన మందార ఫోటో చూశాను. జిగురుకి పేపర్‌కి అంటుకుపోయింది కదూ, మందారతో అదే తంటా. ఎక్కడ కోశారో, ఎప్పుడు కోశారో మాత్రం రాయలేదు. డిగ్రీలో నేనూ అంతే. ఇరవై మొక్కలు ఎండబెట్టి, గుర్తుంటుందిలే అని చీటీలు రాయలేదు. నెల తిరిగేసరికి ఏది గుట్ట మీదదో, ఏది చెరువుగట్టుదో తెలిస్తే ఒట్టు. మా మాస్టారు చూసి, "ఎండుగడ్డి బాగా పోగేశావురా" అన్నారు.

డార్విన్‌కీ ఈ తిప్పలు తప్పలేదు. 1835లో, ఇరవై ఆరేళ్ల వయసులో, పసిఫిక్ సముద్రంలోని గాలపాగోస్ దీవుల్లో ఐదు వారాలు ఉన్నాడు. దిగింది నాలుగు దీవుల్లో. పిట్టల్ని పట్టాడు గానీ చాలావాటికి ఏది ఏ దీవిదో రాయలేదు. మొక్కలకు మాత్రం రాశాడు. ఆ ఎండు మొక్కలు కొన్నేళ్ల తర్వాత హుకర్ అనే వృక్షశాస్త్రవేత్త చేతికొచ్చాయి. ఆయన లెక్కపెడితే, గాలపాగోస్‌లో తప్ప ఎక్కడా లేని మొక్కలు ఒక్క జేమ్స్ దీవిలోనే 38 తేలాయి. అందులో 30 పక్క దీవుల్లో కూడా దొరకలేదు! చీటీలు లేకపోతే ఆ లెక్క వచ్చేదే కాదు.

డార్విన్ తెచ్చిన ఎండు మొక్కల్లో ఒక తీగ ఉంది, సికియోస్ విల్లోసస్. మన బెంగళూరు వంకాయకి చుట్టమే. ఇప్పుడు ఫ్లోరియానా అంటున్న దీవిలో కోశాడు. గుబురుగా అల్లుకుని పక్క మొక్కల్ని బతకనివ్వడం లేదని రాసుకున్నాడు కూడా. అంత విరివిగా ఉన్న తీగ ఆ తర్వాత ఎవరికీ కనపడలేదు. మేకలు మేసేశాయేమో. కేంబ్రిడ్జ్‌లో అట్టకు అతికించిన ఆ ఎండు తీగే మిగిలింది. 2010లో దాని ఆకు ముక్కలోంచే డీఎన్ఏ తీసి, దాని చుట్టాలెవరో తేల్చారు.

ఈసారి మందార వద్దు, గోడపక్కన తుమ్మికూర తీసుకోండి. పువ్వుతో సహా కొమ్మ కోసి న్యూస్‌పేపర్ మధ్య పరచండి. ఒక ఆకుని వెనక్కి తిప్పి పెట్టండి, అడుగువైపు ఈనెలు కనపడాలి. పైన బరువు పెట్టండి. రోజూ పేపర్ మార్చకపోతే బూజు పడుతుంది, అమ్మ తిడుతుంది. చీటీ మీద తేదీ, ఊరు, ఎవరి గోడ పక్కన, పువ్వు ఏ రంగు, అన్నీ రాయండి. ఎండాక రంగు మారిపోతుంది మరి.

రాసింది ఫోటో తీసి పంపండి.

మీ తాతయ్య