నెట్‌లో టీవీ: రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

ఫైబర్ లైన్లు వేసి వాటి మీద ఛానెళ్లు నడిపే పని నాది. సాయంత్రం ఏడు దాటితే ఫోన్ ఆగదు, అడిగేవి మాత్రం రోజూ అవే. ఇకమీదట ఎవరు అడిగినా ఇదే పంపిస్తాను.

అపోహ: ఫైబర్ బాక్సులో సీరియల్స్ చూస్తే నెట్ డేటా అయిపోతుంది.

అవదు. ఆపరేటర్ తన ఫైబర్ మీద బాక్సుకి ఇచ్చే టీవీ ఛానెళ్లు, అంటే ఐపీటీవీ వేరు, ఇంటర్నెట్ ద్వారా యాప్‌లో చూసే ఓటీటీ వేరు. తీగ ఒకటే గానీ లోపల దారులు వేరు. ఐపీటీవీ ఛానెల్ ఆపరేటర్ సొంత నెట్‌వర్క్‌లోనే, మల్టీకాస్ట్ పద్ధతిలో తిరుగుతుంది, అంటే మీ వీధిలో ముప్పై ఇళ్లవాళ్లు ఒకే ఛానెల్ పెట్టినా వీధిలోకి వచ్చేది ఒక్క కాపీయే, దాన్నే అందరి బాక్సులూ అందుకుంటాయి. గుడి మైకులో పాట పెడితే ఊరంతా విన్నట్టు. ఓటీటీ అయితే అదే పాటని ప్రతి ఇంటికీ విడివిడిగా ఫోన్ చేసి వినిపించడం. బీఎస్ఎన్ఎల్ 2024లో ఐఎఫ్‌టీవీ అని తన ఫైబర్ టీవీ మొదలుపెట్టినప్పుడు కూడా ఛానెళ్లు చూస్తే డేటా ప్యాక్‌లో కోత పడదనే చెప్పింది. అదే బాక్సులో యూట్యూబ్ తెరిచారంటే మాత్రం డేటా ఖర్చే.

అపోహ: బఫరింగ్ వస్తోందంటే పెద్ద ప్లాన్ వేసుకోవాలి.

దీని మీద జనం పోసే డబ్బు చూస్తే బాధేస్తుంది. హెచ్‌డీ వీడియోకి 5 నుంచి 8 ఎంబీపీఎస్ (నెట్ వేగం కొలత) చాలు, 4కే అయినా 25 దాకా ఉంటే సరిపోతుంది. 100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్న ఇంట్లో బొమ్మ ఆగుతోందంటే తేడా చాలాసార్లు ఇంట్లోనే ఉంటుంది. రౌటర్ హాల్లో షోకేసు లోపల, టీవీ రెండు గోడల అవతల బెడ్‌రూమ్‌లో. పైగా అపార్ట్‌మెంట్ అయితే వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డురాని వైఫై ఛానెళ్లు (టీవీవి కాదు) మూడే (1, 6, 11), వాటి మీదే బిల్డింగ్‌లో అందరి వైఫైలూ కొట్టుకుంటుంటాయి. ఐపీటీవీ బాక్సుని వైఫైకి తగిలిస్తే ఇంకా దారుణం, ఎందుకంటే వైఫైలో మల్టీకాస్ట్ ప్యాకెట్, అంటే వీడియో డేటా ముక్క, దారిలో పోతే మళ్లీ పంపడమంటూ ఉండదు, బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంది. ల్యాన్ కేబుల్ పెట్టి చూడండి, సగం కంప్లయింట్లు అక్కడే ఆగిపోతాయి.

మిగతా సగం కోసం మేం ముందు చూసేది పవర్ మీటరే, ఫైబర్‌లో ఇంటి దాకా ఎంత వెలుగు వస్తోందో డీబీఎమ్‌లలో చూపిస్తుంది. మైనస్ 20 డీబీఎమ్ దగ్గర ఉంటే హాయి, మైనస్ 27 దాటిందంటే లైన్ ఎప్పుడు పోతుందో తెలీదు. టీవీ స్టాండ్‌ని గోడకి నెట్టేసినప్పుడు వెనక పసుపు ప్యాచ్ కార్డ్ (గోడ నుంచి మోడెమ్‌కి వెళ్లే చిన్న ఫైబర్ తీగ) మడత పడి ఉంటుంది, లేదంటే తొందరలో ఎవరో ఆకుపచ్చ కనెక్టర్‌ని తెచ్చి నీలం దానికి గుచ్చి ఉంటారు. ఆకుపచ్చ దాని కొన ఏటవాలుగా ఉంటుంది, నీలం దానిది అలా ఉండదు, రెంటికీ మధ్య సందు మిగిలి వెలుగు కారిపోతుంది. మోడెమ్ మీద లైటు పచ్చగానే వెలుగుతుంది, బొమ్మ మాత్రం ఆగి ఆగి వస్తుంది. అలాంటి లైన్‌కి ప్లాన్ పెంచితే ఏం లాభం?

అపోహ: నెట్‌లో లైవ్ అంటే అప్పటికప్పుడే.

డిష్‌లో మ్యాచ్ చూసే పక్కింటివాళ్లు సిక్స్ అని అరిచాక మీ ఫోన్‌లో బౌలర్ పరుగు మొదలవుతుంది కదా, అదీ సంగతి. నెట్‌లో వీడియో చిన్న ముక్కలుగా వస్తుంది. ముక్క ఆరు సెకన్లనుకుంటే, ఆగకుండా ఆడటానికి ప్లేయర్ మూడు ముక్కలు చేతిలో పెట్టుకునే మొదలెడుతుంది. పద్దెనిమిది సెకన్లు అక్కడే పోయాయి. డిష్‌కి సిగ్నల్ పంపే శాటిలైట్ 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్నా పైకెళ్లి కిందికి రావడానికి పావు సెకనే. ఆలస్యం తగ్గించే పద్ధతులు వచ్చాయి, కానీ చేతిలో ముక్కలు తగ్గితే బొమ్మ ఆగే ప్రమాదం పెరుగుతుంది. కంపెనీలు ఆలస్యాన్నే ఎంచుకుంటాయి.

అపోహ: నెలకి వందకే వేల ఛానెళ్లు ఇచ్చే యాప్, అదే అసలు ఐపీటీవీ.

దొంగ సరుకు. అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా ఇలాంటి బాక్సులు కొంటుంటారు. మ్యాచ్ మధ్యలో లింకు పోతే ఎవర్ని అడుగుతారు?

అపోహ: ఇక కేబుల్ వాళ్ల పని అయిపోయింది.

పాత కోయాక్సియల్ తీగ పని అయిపోయింది, నిజమే. ఆ తీగ లాగిన మనిషి పని అవలేదు. ఆంధ్రాలో ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, 149 రూపాయలకి నెట్, టీవీ, ఫోను కలిపి ఇచ్చినప్పుడు ఇళ్లలోకి తీసుకెళ్లింది ఊళ్లోని కేబుల్ ఆపరేటర్లే. సినిమాలు ఓటీటీకి వెళ్లిపోయాయి, అవి తిరిగి రావు. లైవ్ సంగతి వేరు. 2023 ప్రపంచకప్ ఫైనల్‌ని హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. మనిషికి ఒక్క ఎంబీపీఎస్ వేసుకున్నా సెకనుకి 59 టెరాబిట్లు (5.9 కోట్ల ఎంబీపీఎస్), ఎవరి కాపీ వాళ్లకే పంపాలి! అది మోయగలిగారంటే గొప్పే, కానీ రోజూ ప్రతి న్యూస్ ఛానెల్‌కీ, ప్రతి సీరియల్‌కీ అలా పంపడం దండగ ఖర్చు. అందుకే నా అంచనా, లైవ్ ఛానెళ్లు మల్టీకాస్ట్‌లో, మిగతాదంతా యాప్‌లలో, రెండూ ఒకే ఫైబర్ మీద. టవర్ నుంచి గాల్లో ఇంటికి నెట్ ఇచ్చే 5జీ ఎయిర్‌ఫైబర్లు తీగ వెళ్లని చోట పనికొస్తాయి గానీ రాత్రి ఎనిమిదింటికి ఆ టవర్‌ని ఊరంతా పంచుకోవాలి కదా.

కొత్త ఇల్లు కడుతున్నవాళ్లు వైరింగ్ అప్పుడే టీవీ గోడ దాకా ఒక పైపు వేయించి అందులో ల్యాన్ కేబుల్ లాగించండి. ఇల్లు పూర్తయ్యాక మమ్మల్ని పిలిస్తే కొత్త పెయింట్ మీద క్లిప్పులు కొట్టాల్సి వస్తుంది, అప్పుడు తిట్టేదీ మమ్మల్నే.