చెవిలో దాగిన విల్లు

పాప పుట్టి పదకొండు రోజులైందట. కుడి చెవి పై అంచు మడతపడి ఉంది, ఎడమ చెవి తలకి దూరంగా పక్కకి నిలబడి ఉంది. పాపకి ఏడేళ్ల అన్న ఉన్నాడు, వాడివీ చేట చెవులే, బడిలో పిల్లలు ఏడిపిస్తున్నారు. "పాపకేమో చెవులు నొక్కిపెట్టి ఉంచితే సర్దుకుంటాయి అంటున్నారు, బాబుకేమో ఆపరేషన్ అంటున్నారు. ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు మాటలేంటండీ?" అని ఒక తల్లి అడిగారు. ఈ మధ్య నాకు ఇంత మంచి ప్రశ్న రాలేదు. పాప సంగతి ఆగేది కాదు కాబట్టి ఆమెకి వెంటనే ఒక ముక్క రాసేశాను: ఈ వారంలోనే డాక్టరుకి చూపించండి, నెల ఆగొద్దు. ఎందుకంత తొందరో కింద చెప్తాను, ముందు మీ చెవి ఒకసారి పట్టుకోండి.

పై అంచుని వేలితో ముందుకి మడిచి వదిలేయండి. టక్కున వెనక్కి లేస్తుంది. ఇప్పుడు కింద తమ్మెని మడవండి, అది ఊరికే మెత్తగా వేలాడుతుంది. తమ్మెలో ఉన్నది కొవ్వూ చర్మమే. పైన డొప్పలో ఉన్నది కార్టిలేజ్. మనం దీన్ని పాఠాల్లో మృదులాస్థి అని నేర్పుతాం, మెత్తటి ఎముక అని పిల్లలు రాసేస్తారు, ఆ పేరే అసలు విషయాన్ని కప్పేస్తుందని నా బాధ. ఇది మెత్తబడ్డ ఎముక కాదు. లోపల నీళ్లు కుక్కి, చుట్టూ వల బిగించిన స్ప్రింగు.

వల అంటే కొల్లాజెన్ పోగులు, చెవిలో అయితే వాటితో పాటు సాగే ఎలాస్టిన్ పోగులు కూడా. వల మధ్య ప్రోటియోగ్లైకాన్లు అనే పెద్ద పెద్ద అణువుల గుజ్జు. వాటికి సీసా కడిగే బ్రష్షు కుచ్చుల్లాగా చక్కెర గొలుసులు ఉంటాయి, వాటి నిండా రుణావేశం ఉన్న సల్ఫేట్ గుంపులు. ఒకే రకం ఆవేశాలు కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, సోడియం అయాన్లని లాక్కుంటాయి, సోడియం వెంట నీళ్లు వస్తాయి. గుజ్జు ఉబ్బాలని చూస్తుంది, వల ఉబ్బనివ్వదు. చెవి బిరుసు అంతా ఈ పెనుగులాటలోంచే వస్తుంది.

దీనికి నాకు చాలా ఇష్టమైన రుజువు ఒకటుంది. 1956లో లూయిస్ థామస్ అనే అమెరికన్ వైద్యుడు కుందేళ్ల రక్తంలోకి బొప్పాయి పాల నుంచి తీసిన పపైన్ అనే ఎంజైమును ఎక్కించాడు. కొన్ని గంటల్లోనే నిటారుగా ఉండే ఆ చెవులు కుక్క చెవుల్లా వాలిపోయాయి. కణాలు చావలేదు, వల తెగలేదు. గుజ్జు మాత్రం కరిగిపోయింది. మూడు నాలుగు రోజుల్లో కణాలు మళ్లీ గుజ్జు తయారు చేసుకున్నాయి, చెవులు మళ్లీ లేచి నిలబడ్డాయి!

ఇక విల్లు దగ్గరికి వద్దాం. మామూలు విల్లుకి ఒకవైపే నారి కడతాం, అందుకే బద్ద వంగుతుంది. ఒక వెదురుబద్దకి ముందొక నారి, వెనకొక నారి సమానంగా బిగించామనుకోండి. బద్ద నిటారుగా నిలబడుతుంది, చూసేవాళ్లకి అందులో ఏ లాగుడూ ఉన్నట్టే కనపడదు. ఇప్పుడు ముందు నారిని తెంపేయండి. వెనక నారికి పోటీ లేకుండా పోయింది, అది బద్ద రెండు చివర్లనీ వెనక్కి లాగేస్తుంది, ముందువైపు ఉబ్బుతుంది. కార్టిలేజ్ సరిగ్గా ఇదే. రెండు నారులు దాని రెండు పక్కల ఉన్న బిగుతైన పైపొరలు, బద్ద లోపల ఉబ్బాలని చూసే గుజ్జు. ఒకవైపు పొర మీద సన్నగా గాట్లు పెడితే చాలు, ముక్క తనంతట తనే రెండోవైపుకి వంగిపోతుంది.

ఈ సంగతిని 1958లో గ్లాస్గోలో గిబ్సన్, డేవిస్ అనే ఇద్దరు విడమరిచి చెప్పారు. వాళ్ల బెంగ చెవి గురించి కానే కాదు. పక్కటెముకల దగ్గరి కార్టిలేజ్ చెక్కి ముక్కు దూలంగా పెడుతుంటే, నిటారుగా చెక్కింది కూడా తర్వాత వంకర తిరిగిపోతోంది. ఒక్కవైపే చిత్రిక పట్టిన చెక్క వంగినట్టన్నమాట. ఎటు తక్కువ చెక్కితే అటు లాగుతుంది, రెండు వైపులా సమానంగా చెక్కితే నిటారుగా ఉంటుంది అని తేల్చారు. వంకర రాకుండా ఉండటానికి కనిపెట్టిన సూత్రాన్ని 1963లో స్టెన్‌స్ట్రోమ్, చోంగ్‌చెట్ అనే ఇద్దరు సర్జన్లు విడివిడిగా తిరగేసి, కావాలనే వంకర తెప్పించడానికి చెవికి వాడారు.

ఎందుకంటే చేట చెవిలో చాలాసార్లు లోపించేది ఒక మడత. అద్దంలో చూసుకోండి, బయటి అంచుకి లోపలగా ఇంకో గట్టు ఉంటుంది, పైన రెండు పాయలుగా చీలి. ఆ గట్టు పడకపోతే డొప్ప పరిచిన కాగితంలా పక్కకి నిలబడిపోతుంది. గట్టు ముందుకి ఉబ్బాలి, అంటే డొప్ప వెనక్కి మడవాలి, అంటే తెంపాల్సింది ముందు నారి. కానీ ముందువైపు చర్మం కోస్తే మచ్చ అందరికీ కనిపిస్తుంది. అందుకని చెవి వెనక కోసి, అక్కడినుంచి దారి చేసుకుని ముందువైపు చర్మం కిందికి చేరి, పళ్లున్న సన్నటి పనిముట్టుతో గీరతారు. గాటు చాలకపోతే చెవి మళ్లీ లేస్తుంది. లోతు ఎక్కువైతే మడత గుండ్రంగా రాకుండా కత్తి అంచులా విరిగినట్టు కనిపిస్తుంది.

అదే 1963లో ముస్టార్డే అనే సర్జన్ రెండో దారి చూపాడు: గాట్లు వద్దు, వెనకనుంచి కరగని దారంతో కుట్లు వేసి మడతని బిగించి ఉంచుదాం అని. నారిని తెంపకుండా బద్దని బలవంతంగా వంచి కట్టేయడం. పిల్లల్లో కార్టిలేజ్ లేతగా ఉంటుంది, కుట్లు నెగ్గుతాయి. పెద్దవాళ్లలో గట్టిపడి ఉంటుంది, దారం ఎప్పుడూ స్ప్రింగుతో పోరాడుతూ ఉండాలి, అందుకే చాలామంది సర్జన్లు పెద్దలకి కాస్త గీరి ఆ తర్వాత కుట్లు వేస్తారు. కొందరికి మడత బాగానే ఉన్నా, చెవి రంధ్రం పక్కనుండే గిన్నెలాంటి గుంట లోతు ఎక్కువ. దానికి గిన్నెని వెనక ఎముక పొరకి కుట్టేస్తారు, ఆ పద్ధతి 1968లో ఫర్నాస్ అనే సర్జన్ చెప్పింది. వీటిలో ఏది చేసినా వినికిడి మారదు.

ఇప్పుడు పాప. కాన్పు నాటికి ఈస్ట్రోజెన్ అనే తల్లి హార్మోన్ బిడ్డ రక్తంలో బాగా ఉంటుంది. దానివల్ల కార్టిలేజ్‌లో నీళ్లని పట్టి ఉంచే హైలురోనిక్ ఆమ్లం ఎక్కువై మెత్తగా, చెప్పినట్టు వినేలా ఉంటుందని వైద్యులు చెప్పే కారణం. కొద్ది వారాల్లో ఆ హార్మోన్ పడిపోతుంది, చెవి బిరుసెక్కుతుంది. 1984లో జపాన్‌లో మత్సువో అనే వైద్యుడి బృందం, చెవి మెత్తగా ఉండే ఈ కొద్ది రోజుల కిటికీ మూసుకోకముందే మెత్తటి అచ్చుతో పుట్టు వంకరలు సరిచేయొచ్చని చూపించింది. మొదటి రెండు మూడు వారాల్లో మొదలుపెడితే ఫలితం బాగుంటుంది, కొన్ని వారాల పాటు రాత్రీ పగలూ ఉంచాలి. రోజుకి పది నిమిషాలు చేత్తో నొక్కడం, బిగుతు టోపీ పెట్టడం దీనికి సాటి రావు. ఇంట్లో ఉన్న టేపు అంటిస్తే ఆ లేత చర్మం ఊడి వస్తుంది. తల్లి సరిగా పడుకోబెట్టలేదు కాబట్టే ఇలా అయిందని నిందించడం మరీ అన్యాయం, మడత లోపం కడుపులోనే, చాలాసార్లు వంశంలోనే వస్తుంది. చెవి మీద మూఢనమ్మకాలు చదువుకున్నవాళ్లకీ తక్కువేం కాదు: పంతొమ్మిదో శతాబ్దంలో ఇటలీలో లాంబ్రోసో అనే వైద్యుడు పక్కకి నిలబడ్డ చెవుల్ని పుట్టు నేరస్తుల గుర్తుల్లో చేర్చాడు, దాన్ని సైన్స్ అనుకుని ఎంతమందో నమ్మారు.

అన్నకి ఆ కిటికీ ఎప్పుడో మూసుకుపోయింది. ఐదారేళ్లకే చెవి పెద్దవాళ్ల సైజులో 85-90 శాతానికి చేరుతుంది కాబట్టి ఏడేళ్లకి ఆపరేషన్ చేయొచ్చు. కానీ వాడికి కావాలా అని వాణ్ణే అడగండి, పక్కన ఎవరూ లేనప్పుడు. చేయించుకున్నాక మొదటి రెండు రోజులు ఒక్క సంగతి గమనించాలి: ఒక చెవి మాత్రమే అంతకంతకూ సలుపుతుంటే రాత్రయినా సరే డాక్టరుకి ఫోన్ చేయాలి. కార్టిలేజ్‌కి సొంత రక్తనాళాలు లేవు, పైపొర నుంచే తిండి అందాలి. ఆ రెంటి మధ్య రక్తం గడ్డకడితే అది ఆకలితో చస్తుంది. కుస్తీ పట్టేవాళ్ల చెవులు ముద్దలు కట్టేది ఇలాగే.

నాకు తెలిసిన ఒకాయన ముప్పై నాలుగేళ్ల వయసులో చేయించుకున్నాడు. పిల్లలకి పూర్తి మత్తు ఇస్తారు, ఆయనకి చెవి చుట్టూ ఇంజెక్షన్లే. నొప్పి లేదు కానీ గీరుతున్నంతసేపూ పలక మీద బలపం గీసినట్టు వినిపించిందట. కట్టు విప్పాక కూడా కొన్ని వారాలు రాత్రిపూట బ్యాండ్ పెట్టుకుని పడుకున్నాడు. తెగిన ముందు నారి ఈలోపు కొత్త వంపు మీదే మానుతుంది, మచ్చ కణజాలం పట్టుకుంటుంది. అది పట్టుకునేదాకా దిండు మీద చెవి ముందుకి మడత పడకూడదు.