ఖాళీ జాగాలో మొదటి కూరగాయల మడి: నేను రోజూ వినే అపోహలు

హైదరాబాద్ శివార్లలో హయత్‌నగర్, ఘట్‌కేసర్ వైపు ఇళ్ల పక్కన ఏళ్లుగా ఖాళీగా పడున్న జాగాల్లో కూరగాయల మడులు తయారుచేసి పెట్టడం నా పని. ఫోన్ చేసినోళ్లు చాలామంది మొదట అడిగేది "ఏ ఎరువు బస్తా తెచ్చుకోమంటారన్నా?" అనే. నేను తిరిగి అడిగేది "ముందు మీ జాగాలో గడ్డపార దిగుతుందా?" అని. ఆ తర్వాత మాటల్లో ఈ కింద రాసినవి ఒక్కొక్కటిగా బయటికొస్తుంటాయి.

అపోహ: ఇన్నేళ్లు ఏమీ వెయ్యలేదు, నేల చచ్చిపోయింది, మట్టి మొత్తం మార్చాల్సిందే.

నడుమెత్తు గడ్డి పెరిగిన చోట నేల చచ్చిపోయిందంటే ఎట్లా అండీ? గట్టిపడింది అంతే. మా వైపు ఎర్ర చల్కా నేలల్లో నిజంగా తక్కువుండేది సేంద్రియ పదార్థం, నత్రజని. ఇది తెలీక డబ్బులు పెట్టి ట్రాక్టర్ ఎర్రమట్టి తోలిస్తారు, అదేమో ఎక్కడో లోతులోంచి తవ్విన మొరం, అందులో మీ జాగాలో ఉన్నంత సారం కూడా ఉండదు. తోలించుకోవాలంటే చెరువు పూడిక మట్టి మేలు, మిషన్ కాకతీయ (తెలంగాణ చెరువుల పూడికతీత పథకం) పనుల్లో 2015 నుంచి చాలామంది రైతులు పొలాలకి తోలుకున్నది అదే. కాకపోతే ఊరి చెరువుదై ఉండాలి, సిటీలో డ్రైనేజీ, ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చెరువు మట్టి తినే కూరగాయలకి వద్దే వద్దు.

మట్టి మార్చక తప్పని కేసు ఒకటుంది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు, ప్లాస్టరు పెచ్చులు, కంకర అంతా అక్కడే పరిచేసి పైన నాలుగు తట్టల మట్టి పోసి చదును చేసిన జాగా. అర అడుగు తవ్వి చూస్తే బండారం తెలిసిపోతుంది.

అపోహ: సున్నం, బూడిద జల్లితే ఏ నేలైనా బాగుపడుతుంది.

సున్నం పులుపు నేలలకి, అంటే పీహెచ్ (7 దగ్గర సమం, అంతకి తగ్గేకొద్దీ పులుపు) బాగా తక్కువున్న చోట. మన దగ్గర నల్లరేగడిలో పీహెచ్ మామూలుగానే 7.5 పైన ఉంటుంది, సిమెంటు కలిసిన జాగాల్లో ఇంకా ఎక్కువ, దాని మీద సున్నం వేస్తే ఉన్న ఇనుము, జింకు కూడా మొక్కకి అందకుండా పోతాయి. లేత ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి చూడండి, అది ఇనుము అందకనే. బలం లేదనుకుని ఇంకో రెండు దోసిళ్ల బూడిద వేస్తారు, కథ మళ్లీ మొదటికి. సోడియం ఎక్కువైన కారుచౌడు జాగా అయితే జిప్సం పనికొస్తుంది, అదీ మట్టి టెస్టు చూసుకుని, నీళ్లు దిగిపోయే దారి పెట్టాకే.

టెస్టుకి మట్టి తియ్యడం పెద్ద పనేం కాదు. పైన చెత్త పక్కకి తోసి వి ఆకారంలో 6 అంగుళాల గుంట తవ్వి, దాని పక్క గోడ నుంచి పైనుంచి కింద దాకా పలచగా ఒక చెక్కు తియ్యాలి. ఇట్లా ఏడెనిమిది చోట్ల తీసి కలిపి నీడలో ఆరబెట్టి అర కిలో ఇస్తే చాలు. చెట్టు కింద, పాత పెంటదిబ్బ ఉన్న చోట తియ్యొద్దు.

అపోహ: పేడ ఎంత పచ్చిగా ఉంటే అంత బలం.

ఇది నా సొంత దెబ్బ కాబట్టి కొంచెం ఎక్కువే చెప్తా. కొత్తల్లో ఒకాయన జాగాకి దగ్గర్లోని డెయిరీ నుంచి సగం కూడా మాగని పేడ ట్రాక్టర్ తోలించి, వారం తిరక్కుండా వంగ నారు నాటేశా. నెల లోపు మొక్కలు వాడిపోవడం మొదలైంది, పట్టుకుని లాగితే చేతికొచ్చేస్తున్నాయి, కింద చూస్తే వేళ్లు కొరుకుతూ తెల్లగా ముడుచుకున్న వేరుపురుగులు, వాటికి తోడు చెదలు, పైగా గడ్డి గింజలన్నీ మొలిచి మడి పచ్చిక బయలైంది. నారు డబ్బులు నేనే ఇచ్చుకున్నా.

మాగిన పెంట (పశువుల ఎరువు) ఎట్లా గుర్తుపట్టాలంటే, దిబ్బలో చెయ్యి పెడితే వేడుండదు, పేడ వాసన రాదు, పిడికిట్లో నలిపితే పొడిపొడిగా రాలుతుంది. మొదటిసారి మడికి గజానికి 4, 5 కిలోలు వేసి పైన 6 అంగుళాల మట్టిలో కలిసేలా తిరగెయ్యాలి, విత్తనానికి రెండు మూడు వారాల ముందు. దాంతోపాటు గజానికి గుప్పెడు వేపపిండి నేను తప్పకుండా వేస్తా.

అపోహ: రోటవేటర్ ఒకసారి కొట్టిస్తే కలుపు పీడ వదుల్తుంది.

వయ్యారిభామ లాంటివి పూతకి రాకముందే పీకేస్తే సగం పని అయిపోయినట్టే (చేతికి గ్లౌజులు వేసుకోండి, దద్దుర్లు వస్తాయి). తుంగ, గరిక అట్లా కాదు. తుంగ గడ్డలు భూమిలో గొలుసులా ఉంటాయి, రోటవేటర్ ఆ గొలుసు తెంపితే విడిపోయిన ప్రతి గడ్డా ఒక మొక్కవుతుంది, గరిక కాడ ముక్కలు కూడా అంతే. ఎండాకాలంలో గడ్డపారతో లేపి, చేత్తో ఏరి, ఎండకి పడేసి, నీళ్లు పెట్టి పది రోజులాగి మళ్లీ మొలిచినవి లేపాలి. బోరింగ్ పనే, కూలీ కూడా అవుతుంది, నాకు తెలిసి మందు కొట్టకుండా షార్ట్‌కట్ లేదు.

తవ్వడానికైనా నేలలో పదును, అంటే తగినంత తడి, ఉండాలి. ఎండిన నేలని తడిపి రెండు మూడు రోజులు వదిలెయ్యండి, పిడికెడు మట్టి ముద్ద చేసి నడుమెత్తు నుంచి వదిలితే విరిగి రాలాలి. రేగడిని బురదగా ఉన్నప్పుడు కదిలిస్తే ఆరాక పెడ్డలు ఇటుకల్లా తయారవుతాయి.

అపోహ: వానపాములు కొనొచ్చి వదిలితే నేల అదే గుల్లబారుతుంది.

వర్మికంపోస్టు పాములు చెత్తలో బతికేవి, గట్టి నేలలో వదిలితే చస్తాయి. తడి, ఆకుల కప్పు ఉంచితే మన నేల పాములు వాటంతటవే వస్తాయి.

అపోహ: యూరియా గింజ పడితే నేల విషం, జీవామృతం ఒక్కటి చాలు.

నేను రెండూ వాడతా, తిట్టేవాళ్లు తిట్టుకోండి. వంద కిలోల మాగిన పెంటలో నత్రజని సుమారు అర కిలో, అది కూడా మెల్లగా విడుదలవుతుంది. కిలో యూరియాలోనే 460 గ్రాములుంటుంది. అట్లాగని వట్టి యూరియాతో నేల గుల్లబారదు, నీళ్లు పట్టి ఉంచదు, అందుకే పెంట ముందు. మొదటి పంటలో ఆకులు మరీ పాలిపోతే గజానికి ఒక టీ చెంచా యూరియా, మొదలుకి తగలకుండా, తడి మీద. మట్టిలో కలపకుండా పైపైనే వదిలేస్తే కొంత గాల్లో కలిసిపోతుంది. జీవామృతం పొయ్యండి, మంచిదే, కానీ 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి కలిపి ఎకరానికి పోసేది అది, అందులో ఎరువు వంతు ఎంతని? పెంట వెయ్యని మట్టిలో అదొక్కటే ఏం చేస్తుంది?

అపోహ: మొదటి మడిలోనే క్యారెట్, కాలీఫ్లవర్ వేసెయ్యొచ్చు.

క్యారెట్ గట్టి నేలలో వంకర్లు తిరుగుతుంది, కాలీఫ్లవర్ మేత ఎక్కువ తింటుంది. తొలకరికి ముందు టైముంటే జనుము చల్లి 45 రోజులకి పూత దశలో కోసి మట్టిలో కలిపెయ్యండి, అది కుళ్లడానికి రెండు మూడు వారాలు వదలండి. అంత ఓపిక లేకపోతే గోరుచిక్కుడు, బొబ్బర్లు, గోంగూర, బెండ. గోంగూర నెల రోజులకే చట్నీకి వస్తుంది, ఇంట్లోవాళ్లు ఈ మడి పిచ్చేంటి అని అడగడం అక్కడితో ఆపేస్తారు.