ఆ ఒక్క బంతికి అంత గొడవెందుకు?

చిరంజీవులు పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

అమెరికాలోని పిట్స్‌బర్గ్ ఎయిర్‌పోర్టులో జార్జ్ వాషింగ్టన్ బొమ్మ పక్కనే, వంగి బంతి అందుకుంటున్న ఆటగాడి బొమ్మ ఎవరిదని అడిగారు కదా. అతను ఫ్రాంకో హారిస్, ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు స్టీలర్స్ ఆటగాడు. ఫోన్లో చెప్పడం మొదలుపెడితే మీ అమ్మ మధ్యలో హోంవర్క్ అంటుంది, అందుకే రాస్తున్నాను.

అమెరికా వాళ్ల ఫుట్‌బాల్‌లో బంతి కొబ్బరికాయలా ఉంటుంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలైనా ముందుకు వెళ్లాలి, లేదంటే బంతి అవతలివాళ్లది. ప్రస్తుతానికి ఇంత తెలిస్తే చాలు.

స్టీలర్స్ జట్టు 1933లో పుట్టింది. 1972 డిసెంబర్ 23 దాకా ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివర్లో జరిగే నాకౌట్ మ్యాచ్‌లలో, ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఆ రోజూ ఓక్లాండ్ రైడర్స్ 7-6తో ముందుంది. మిగిలింది 22 సెకన్లు, చివరి ప్రయత్నం. గోల్ లైన్ ఇంకా అరవై గజాల దూరం. జట్టు యజమాని ఆర్ట్ రూనీ ఇక అయిపోయిందనుకుని, కుర్రాళ్లను ఓదారుద్దామని లిఫ్ట్ ఎక్కేశాడు. నలభై ఏళ్లు ఎదురుచూసిన మనిషి, అసలు ఘట్టం చూడనేలేదు పాపం!

స్టీలర్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) టెర్రీ బ్రాడ్‌షా తప్పించుకుంటూ బంతిని తన జట్టులోనే ఫూక్వా అనే ఆటగాడి వైపు విసిరాడు. సరిగ్గా అప్పుడే రైడర్స్ ఆటగాడు జాక్ టేటమ్ వచ్చి అతన్ని ఢీకొట్టాడు. బంతి వెనక్కి ఎగిరింది. నేలను తాకబోతుండగా హారిస్ దాన్ని బూట్ల దగ్గర అందుకుని, ఆగకుండా గోల్ లైన్ దాటేశాడు. స్టీలర్స్ 13-7తో గెలిచింది.

అప్పటి రూల్ ప్రకారం, దాడి చేసే జట్టులో ఒకడికి తగిలిన బంతిని, మధ్యలో ఎదుటివాడు ముట్టుకోకపోతే, అదే జట్టులో ఇంకొకడు పట్టకూడదు. మరి అది తగిలింది ఫూక్వాకా, టేటమ్‌కా? తనకు తగల్లేదని టేటమ్ మ్యాచ్ తర్వాత అన్నాడు. ఫూక్వాని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. ఏ కెమెరాలోనూ స్పష్టంగా లేదు. రిఫరీ ఫోన్లో మాట్లాడొచ్చి టచ్‌డౌన్ (బంతితో గోల్ లైన్ దాటితే వచ్చే స్కోరు) ఇచ్చేశాడు. 1978లో ఆ రూలే తీసేశారు.

అందరూ అదృష్టం అంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. హారిస్ అప్పటికి లీగ్‌లో మొదటి ఏడాది కుర్రాడు. ఆ ప్రయత్నంలో అతని పని వెనక ఉండి బ్రాడ్‌షాను కాపాడటం. కానీ బంతి చేయి దాటగానే అతను దాని వెనకే పరుగెత్తాడు. బంతి ఎటుంటే అటు వెళ్లమని కాలేజీ కోచ్ నేర్పాడట. మిగతావాళ్లలా నిలబడి చూసుంటే ఆ బొమ్మే లేదు.

ఆ తర్వాతి వారమే మయామి జట్టు డాల్ఫిన్స్ చేతిలో ఓడిపోయారనుకోండి! కానీ 1974 సీజన్ నుంచి ఆరేళ్లలో నాలుగు సూపర్ బౌల్‌లు, అంటే లీగ్ ఫైనల్స్, కొట్టారు.

ఆదివారం యూట్యూబ్‌లో వెతికి చూడండి. తికమకపడొద్దు, హారిస్ నంబరు 32. నల్ల జెర్సీ మనవాడు. మొదటిసారి చూసేటప్పుడు బంతి సంగతి వదిలేసి, హారిస్ ఎక్కడినుంచి బయల్దేరాడో చూడండి.

మీ తాతయ్య